పట్నంలో రెండింతలు, తండాల్లో సున్నా: ఒక అబార్షన్ లెక్క ఎక్కడ తప్పింది

ఆడవాళ్ళ ఆరోగ్యం మీద జరిగే సర్వేల డేటా చూసి పెట్టడం నా పని. ఫారాలు, కోడింగ్, టేబుల్స్, చివర్లో రిపోర్ట్. ఈ కేస్ రాయడానికి కారణం ఒకటే, ఇందులో జరిగిన పొరపాటు చాలా చోట్ల జరుగుతోంది, నేను కూడా మొదట్లో దానికి సాయం చేశాను. జిల్లా పేరు, సంస్థ పేరు రాయడం లేదు, సర్వేలో వచ్చిన అంకెలు కూడా ఇవ్వడం లేదు, ఎందుకంటే కొన్ని తండాల్లో ఉన్నదే ముప్పై నలభై ఇళ్ళు, అక్కడ ఇద్దరు ముగ్గురు అని రాసినా ఎవరో ఊళ్ళో వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

తెలంగాణలో ఒక జిల్లా అనుకోండి. ఒక మున్సిపల్ టౌన్, దాని చుట్టూ లంబాడీ తండాలు. ఒక స్వచ్ఛంద సంస్థ రెండు చోట్లా పని చేస్తోంది: గర్భం వచ్చిందో లేదో చూసుకునే కిట్లు, పిల్లలు పుట్టకుండా వాడే మాత్రలు, కండోమ్‌లు ఇవ్వడం, ఆశా వర్కర్లకి ట్రైనింగ్, అవసరమైన వాళ్ళని ఏరియా హాస్పిటల్‌కి పంపడం. నిధులు తగ్గాయి, ఏదో ఒక చోట పని ఆపాలి. ఎక్కడ ఆపాలో తేల్చుకోవడానికి ఇంటింటి సర్వే ఒకటి చేశారు, 15 నుంచి 49 ఏళ్ళ పెళ్ళైన ఆడవాళ్ళతో. దాంతో పాటు టౌన్‌లో రెండు నర్సింగ్ హోమ్‌లు నెలకి ఎన్ని అబార్షన్లు చేశాయో మొత్తం సంఖ్య మాత్రం తీసుకున్నారు, పేర్లు కాదు.

నా దగ్గరికి వచ్చేసరికి డ్రాఫ్ట్ రిపోర్ట్ రెడీగా ఉంది. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో, టౌన్‌లో చదువుకున్న ఆడవాళ్ళలో అబార్షన్లు తండాల కంటే రెండింతలు దాటాయని, తండాల్లో దాదాపు లేవని ఉంది. దాని కింద రెండు సిఫార్సులు. ఒకటి, టౌన్ ఆడవాళ్ళకి 'కుటుంబ విలువల మీద కౌన్సెలింగ్' పెట్టాలని. రెండోది, తండాల్లో అవసరం లేదు కాబట్టి అక్కడి సప్లై మొత్తం టౌన్‌కి మార్చాలని. మొదటిది చదివితే కోపం వచ్చింది, రెండోది చదివితే భయం వేసింది. ప్రోగ్రామ్ కోఆర్డినేటర్ మంచి మనిషి, పదిహేనేళ్ళుగా ఆ ఊళ్ళల్లోనే తిరుగుతున్నాడు. "మేడం, మేం అనట్లేదు, నంబర్లే చెప్తున్నాయి కదా" అన్నాడు. ఆయన నిజంగానే అలా నమ్మాడు.

ఎంతమందిలో?

ముందు డ్రాఫ్ట్‌లో ఉన్న మొదటి టేబుల్ పట్టుకున్నాను. నర్సింగ్ హోమ్‌లకి వచ్చిన వాళ్ళలో ఎక్కువ శాతం టౌన్ వాళ్ళే అని ఉంది అందులో. అది నిజమే, కానీ నర్సింగ్ హోమ్‌లు ఉన్నదే టౌన్‌లో. తండా మనిషి అక్కడికి రావాలంటే ఆటో, ఒక రోజు కూలి, తోడు ఒకరు, మళ్ళీ ఫీజు. వచ్చిన వాళ్ళలో టౌన్ వాళ్ళెంత అనే అంకెకీ, టౌన్ ఆడవాళ్ళలో అబార్షన్ చేయించుకున్న వాళ్ళెంత అనే అంకెకీ సంబంధమే లేదు. ఆ టేబుల్ తీసేయమన్నాను, తీసేశారు, పెద్ద గొడవేం జరగలేదు.

సర్వే టేబుల్ దగ్గర మాత్రం చాలాసేపు పట్టింది. వాళ్ళు వెయ్యి కాన్పులకి ఎన్ని అబార్షన్లు అని లెక్క కట్టారు. ఇది తప్పు కొలత కాదు, ప్రపంచమంతా వాడతారు, కాకపోతే పిల్లల్ని తక్కువ కనే చోట ఈ కొలత పైకి పోతుంది. ఊరికే ఊహించుకోండి, రెండు గుంపులు, ఒక్కోదాంట్లో వెయ్యి మంది ఆడవాళ్ళు, ఏడాదిలో రెండు చోట్లా 20 అబార్షన్లే జరిగాయి. మొదటి గుంపులో 50 కాన్పులు, రెండో గుంపులో 100. వెయ్యి కాన్పులకి లెక్కేస్తే మొదటిది 400, రెండోది 200. రెండింతలు! వెయ్యి మంది ఆడవాళ్ళకి లెక్కేస్తే రెండూ 20 దగ్గరే ఉన్నాయి. ఇది కాగితం మీద గీసి చూపించినప్పుడు కోఆర్డినేటర్ పెన్ను నా చేతిలోంచి తీసుకుని ఆయనే మళ్ళీ ఒకసారి వేసుకున్నాడు.

అలాగని ఆడవాళ్ళందరి మీద లెక్కేస్తే సరిపోతుందా అంటే, మన దగ్గర అదీ కుదరదు. మన రెండు రాష్ట్రాల్లో ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళు చాలా ఎక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో రౌండ్, అంటే 2019-21ది, ప్రకారం పెళ్ళైన ఆడవాళ్ళలో ఆపరేషన్ అయిన వాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 69.6 శాతం, తెలంగాణలో 61.9 శాతం. ఇద్దరు పిల్లలు కాగానే ఆపరేషన్ చేయించేసుకుంటారు, ఆ తర్వాత వాళ్ళకి గర్భం వచ్చే అవకాశం దాదాపు లేదు, మరి వాళ్ళని కూడా కింది లెక్కలో, అంటే భాగించే సంఖ్యలో, పెడితే ఏమవుతుంది? పై ఉదాహరణలోనే మొదటి గుంపులో 200 మందికి ఆపరేషన్ అయిపోయింది, రెండోదాంట్లో 600 మందికి అనుకోండి. అవే 20 అబార్షన్లు మొదటి గుంపులో 800 మంది మీద పడతాయి, రెండో గుంపులో 400 మంది మీద, అంటే వెయ్యికి 25, 50. ఎవరు ఎక్కువ అనేది తిరగబడిపోయింది. ఈ జిల్లాలో తండాల్లో ఆపరేషన్ తొందరగా అవుతుంది, టౌన్‌లో ఉద్యోగం చేసే అమ్మాయిలు ఒక పాప పుట్టాక ఆగుతున్నారు, ఆపరేషన్ ఇప్పుడే వద్దంటున్నారు, ఆ ఆగే ఏళ్ళలో ఆధారపడేది కండోమ్ మీదో, రోజులు లెక్కపెట్టుకోవడం మీదో. అనుకోకుండా గర్భం వచ్చే ఏళ్ళు వాళ్ళకే ఎక్కువ ఉన్నాయి. విలువల కౌన్సెలింగ్‌కీ దీనికీ ఏం సంబంధం?

అందుకని వంద గర్భాల్లో ఎన్ని ఎలా ముగిశాయి అని చూద్దాం అన్నాను. కాన్పా, దానంతట అదే పోయిందా, తీయించుకున్నారా అని.

నేను చేసిన తప్పు

ఇక్కడే నేను తొందరపడ్డాను. వయసు, చదువు, ఎంతమంది పిల్లలు, ఇంటి ఆదాయం అన్నీ పెట్టి ఒక రిగ్రెషన్, అంటే మిగతా తేడాల ప్రభావం తీసేసి చూసే లెక్క, చేసి, అన్నీ సర్దుబాటు చేశాక కూడా టౌన్‌లో ఎక్కువే అని ఒక పేజీ రాసిచ్చాను. ముందు కంటే తేడా తగ్గింది కానీ పోలేదు. కోఆర్డినేటర్‌కి ఊరట, చూశారా మేడం అన్నాడు. ఆ పేజీ ప్రింట్‌కి వెళ్ళడానికి రెండు రోజుల ముందు వరకు నాకు ఏ అనుమానమూ రాలేదు, అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగోదు. కింది లెక్క మీద అంత ధ్యాస పెట్టి, పైన ఉన్న లెక్క, అంటే అసలు అబార్షన్ అని రాసుకున్నది ఏమిటి అన్నది, చూడనేలేదు.

అనుమానం వచ్చింది వేరే కాలమ్ చూస్తుంటే. తండాల్లో అబార్షన్లు దాదాపు సున్నా, కానీ దానంతట అదే పోయిన గర్భాలు మాత్రం టౌన్ కంటే బాగా ఎక్కువ. సరే, రక్తహీనత, బరువు పనులు, చిన్న వయసులో పెళ్ళి, ఇవన్నీ ఉంటాయి అనుకున్నాను. ఎందుకైనా మంచిదని ఎన్నో గర్భం అప్పుడు పోయింది అని వరుస పెట్టి చూశాను. మొదటి గర్భంలో పోయినవి టౌన్‌లో ఎంతో తండాల్లోనూ దాదాపు అంతే. తేడా అంతా ఇద్దరు పిల్లలు పుట్టాక వచ్చిన గర్భాల్లోనే ఉంది, అదీ పాతికేళ్ళ లోపు ఆడవాళ్ళలో. రక్తహీనత వల్ల పోయే గర్భం ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారో చూసుకుని పోదు కదా. అప్పుడర్థమైంది, ఇది శరీరం చేసిన పని కాదు, ఎవరో నిర్ణయించుకుని చేసిన పని, ఫారంలో ఇంకో గడిలో పడింది అని. రిపోర్ట్ ఆపమని ఫోన్ చేశాను.

తండాలో రెండు రోజులు

సర్వే చేసే అమ్మాయితో పాటు, ఆ ఇంటావిడ ఒప్పుకుంటేనే, పక్కన కూర్చుని విన్నాను. ఒక ఇంట్లో రేకుల షెడ్డు కింద మంచం మీద ఆవిడ, గడప దగ్గర అత్త బియ్యం ఏరుతూ. ఫారంలో ఉన్న ప్రశ్న ఇది: మీకు ఎప్పుడైనా అబార్షన్ అయిందా? ఆవిడ అత్త వైపు ఒకసారి చూసి, లేదంది. అమ్మాయి 'లేదు'కి టిక్ పెట్టి ముందుకెళ్ళిపోయింది. కాసేపటికి అత్త లోపలికి పోయింది, మాటల్లో ఆవిడే అంది: "పోయినేడు నెల తప్పింది, గోలీలు ఏస్కున్న, నెలొచ్చింది, గంతే." ఎన్ని గోలీలు అని అడిగాను. చెయ్యి చాపి అయిదు వేళ్ళు చూపించింది. ముందు ఒకటి, తర్వాత నాలుగు. అది గర్భం తీసేసే కిట్, ఒక మిఫెప్రిస్టోన్, నాలుగు మిసోప్రోస్టాల్. డాక్టర్ దగ్గర, తొమ్మిది వారాల లోపు వాడాల్సింది. నేను మెల్లగా అది కూడా అదేనమ్మా అంటే, ఆవిడ ఆశ్చర్యంగా చూసి "గది గూడ అబార్షనేనా అక్కా? కడుపు ఇంకా నిలవనే లేదు గదా" అంది.

అబద్ధం చెప్పలేదు ఆవిడ. ఆవిడ లెక్కలో నెల తప్పడం వేరు, కడుపు రావడం వేరు, అబార్షన్ అంటే ఆస్పత్రిలో బల్ల మీద పడుకోబెట్టి చేసేది.

మర్నాడు టౌన్‌లో దీనికి పూర్తి రివర్స్. ఒక టీచరమ్మ చాలా బాధగా, "మొదటిసారి అబార్షన్ అయిపోయిందండీ, మూడో నెలలో, ఎంత జాగ్రత్తగా ఉన్నా నిలవలేదు" అంది. ఫారంలో అబార్షన్ దగ్గర టిక్ పడింది. మనందరం మాట్లాడేది అలాగే కదా, అబార్షన్ అయింది అంటే పోయింది అని, చేయించుకుంది అంటే తీయించుకుంది అని. ఆ ఒక్క క్రియాపదంలో ఉంది తేడా అంతా, ఫారంలో ఉన్నదేమో 'అయిందా' అని. టౌన్‌లో బిడ్డ పోయిన దుఃఖాన్ని అబార్షన్ల లెక్కలో వేశాం, తండాల్లో మాత్రలతో తీసుకున్న వాటిని దానంతట అవే పోయిన లెక్కలో వేశాం, లేదంటే అసలు వేయనేలేదు. రెండూ ఒకే తప్పుని రెండు వైపులా లాగాయి, రెండింతలు అలా పుట్టింది.

ఇంకోటి కూడా దొరికింది. ఎవరు చేశారు అనే ప్రశ్నకి ఫారం ఇంగ్లీషులో తయారు చేసిన వాళ్ళు ఆర్ఎంపీ అని ఒక ఆప్షన్ పెట్టారు, చట్టంలో ఆ మాటకి అర్థం రిజిస్టర్ అయిన డాక్టర్. మన ఊళ్ళల్లో ఆర్ఎంపీ అంటే ఎవరో అందరికీ తెలుసు, బ్యాగ్ పట్టుకుని బండి మీద వచ్చి సెలైన్ ఎక్కించే ఆయన. ఊరి ఆర్ఎంపీ ఇచ్చిన మాత్రలన్నీ డేటాలో 'అర్హత ఉన్న డాక్టర్ చేసినవి'గా, సురక్షితంగా కూర్చున్నాయి.

పని చేయనివి

నేరుగా అడిగితే చెప్పరు అన్న భయంతో ముందు లిస్ట్ పద్ధతి ప్రయత్నించాం. కొంతమందికి నాలుగు మామూలు విషయాలు, కొంతమందికి అవే నాలుగుతో పాటు మాత్రల విషయం కలిపి అయిదు చదివి, ఏవి చేశారో చెప్పొద్దు, ఎన్ని చేశారో మాత్రం చెప్పండి అనడం. రెండు గుంపుల సగటు తేడా చూస్తే ఎంతమందో తెలుస్తుంది. కాగితం మీద అద్భుతంగా ఉంటుంది. తండాలో ఒక పెద్దావిడ ఓపిగ్గా "మొదటిది చేసిన, రెండోది చెయ్యలే, మూడోది..." అని ఒక్కోటీ చెప్పుకుంటూ పోయింది, పక్కింటావిడ వింటూనే ఉంది. ఏ రహస్యం కాపాడాలని ఇది పెట్టామో అదే బయటపడిపోయింది. లెక్క తీస్తే ఒక గుంపులో సున్నా కంటే తక్కువ వచ్చింది, అంటే అర్థం లేని అంకె. ఆపేశాం.

మీ దగ్గరి స్నేహితురాలి గురించి చెప్పండి అని అడిగే పద్ధతి ఇంకోటి ఉంది, రాజస్థాన్‌లో పెద్ద సర్వేలోనే వాడారు. మేం వద్దనుకున్నాం. తండాలో స్నేహితురాలంటే వదినో, తోడికోడలో అయి ఉంటుంది, ఒకరి సంగతి నలుగురు చెప్తే ఒకటి నాలుగవుతుంది, పైగా ఇంకొకరి రహస్యం మేమే చెప్పించినట్టు అవుతుంది. మెడికల్ షాపుల్ని కిట్లు ఎన్ని అమ్ముడవుతాయి అని అడిగాం, ఎవరూ చెప్పలేదు. వాళ్ళ భయం వాళ్ళది, చీటీ లేకుండా అమ్ముతున్నారు కాబట్టి.

పని చేసింది

ప్రశ్న మార్చాం, అంతే, కానీ మార్చడానికి మూడు వారాలు పట్టింది. అబార్షన్ అనే మాటే తీసేశాం. పెళ్ళైన దగ్గర్నుంచి మొదలుపెట్టి, మొదటిసారి నెల తప్పింది ఎప్పుడు, అది ఏమైంది, తర్వాత ఎప్పుడు తప్పింది, అది ఏమైంది అని ఒక్కో గర్భం వరుసగా. పోయింది అంటే, దానంతట అదేనా, మళ్ళీ నెల రావడానికి ఏమైనా వాడారా అని. ఎవరిచ్చారు అంటే, ఆస్పత్రి డాక్టరా, ఊరికొచ్చే ఆర్ఎంపీయా, మందుల షాపా, విడివిడిగా. లంబాడీల భాష గోర్ బోలి వచ్చిన అమ్మాయిల్నే పెట్టాం, అయితే అదే తండా వాళ్ళు కాకుండా వేరే మండలం నుంచి. ఆశా వర్కర్లతో అడిగిద్దామని సంస్థ అంది, ఖర్చు తగ్గుతుందని, నేను ఒప్పుకోలేదు, రేపు టీకాలకి వచ్చేది ఆమే, ఆమెకి చెప్తే ఊరికి చెప్పినట్టేనని ఆడవాళ్ళు అనుకుంటారు. అత్త ఉంటే ఆ భాగం అడగకుండా వదిలేసి మళ్ళీ రావాలి. పాత ఫారాలతో కొత్తవి జత చేయకూడదు, దీనివల్ల ఎవరు మాట మార్చారో నాకు తెలియకుండా పోతుంది, పోనీ, నాకు ఆ విషయం అక్కర్లేదు. ముఖ్యంగా మొదట్లోనే ఒక మాట చెప్పాలి: ఇది 1971 నుంచి చట్టం ఒప్పుకున్న విషయం, దీని గురించి మాట్లాడితే కేసు కాదు అని. చాలామంది లింగ నిర్ధారణ మీద ఉన్న నిషేధాన్ని దీంతో కలిపేసుకున్నారు, గోడల మీద రాతలు చూసి మొత్తం నేరమే అనుకున్నారు. ఆ మాట చెప్పాక ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు నెలల తరబడి బ్లీడింగ్ అవుతున్న సంగతి చెప్పుకున్నారు, వాళ్ళని ఏరియా హాస్పిటల్‌కి పంపాం. సర్వే మొత్తంలో నాకు బాగా గుర్తున్నది అదే.

కొంతమంది దగ్గరే చేశాం, అందరి దగ్గర కాదు. వంద గర్భాలకి లెక్క కడితే టౌన్‌కీ తండాలకీ మధ్య తేడా చాలా మటుకు పోయింది. పూర్తిగా పోలేదు, టౌన్ వైపు కాస్త ఎక్కువే ఉంది. మిగిలిన తేడా నిజమా, ఇంకా చెప్పని వాళ్ళున్నారా అనేది ఈ డేటా తేల్చలేదు, రిపోర్ట్‌లో అలాగే రాశాం. తేడా స్పష్టంగా ఉన్నది ఎక్కడ జరిగింది అన్న దాంట్లో. టౌన్ వాళ్ళు డాక్టర్ దగ్గరికి వెళ్ళారు, తండా వాళ్ళు ఇంట్లో మాత్రలు వేసుకున్నారు.

కమిటీ మీటింగ్‌లో ఒకాయన, మన ఊరివాడే, అమెరికాలో ఉంటారు, ఈ సంస్థకి విరాళం ఇస్తారు, అక్కడైతే జాతుల వారీగా కూడా పక్కా లెక్కలుంటాయి కదా, ఇక్కడే ఎందుకింత గందరగోళం అన్నారు. ఆయన అడిగింది న్యాయమే. కానీ అక్కడ కూడా 2020లో ఎన్ని అబార్షన్లు అంటే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పేది 6,20,327, గట్మాకర్ ఇన్‌స్టిట్యూట్ అనే ప్రైవేటు పరిశోధన సంస్థ చెప్పేది 9,30,160. సీడీసీకి రాష్ట్రాలు ఇష్టమైతేనే పంపుతాయి, కాలిఫోర్నియా అసలు పంపదు. జాతి వివరం ఇచ్చే రాష్ట్రాలు ఇంకా తక్కువ. ఉన్నంతలో, 2019లో వెయ్యి మంది ఆడవాళ్ళకి నల్లజాతి వాళ్ళలో 23.8, తెల్లవాళ్ళలో 6.6 అని చూపించి, చూశారా వాళ్ళు ఎలాంటి వాళ్ళో అనే మనుషులు అక్కడా ఉన్నారు. వద్దనుకున్న గర్భాలు ఎవరికి ఎక్కువ వస్తున్నాయి, ఇన్సూరెన్స్ ఎవరికి లేదు, మంచి గర్భనిరోధక పద్ధతి ఎవరికి అందట్లేదు అని అడిగేవాళ్ళు తక్కువ. మా డ్రాఫ్ట్ మొదటి పేజీ కూడా అదే పని చేసింది అని చెప్పాను.

మన దేశం సంగతే చూపించాను తర్వాత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అదే అయిదో రౌండ్‌లో, సర్వేకి ముందు అయిదేళ్ళ గర్భాల్లో 2.9 శాతం అబార్షన్లని వచ్చింది. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన స్టడీ 2015కి వేసిన అంచనా, 4 కోట్ల 81 లక్షల గర్భాల్లో 1 కోటి 56 లక్షల అబార్షన్లు. వందకి మూడు ఎక్కడ, ముప్పై రెండు ఎక్కడ! మొదటిది ఇంటికెళ్ళి అడిగితే ఆడవాళ్ళు చెప్పింది. రెండోది ఆరు రాష్ట్రాల్లో ఆస్పత్రుల లెక్కలు, మందుల అమ్మకాలు చూసి దేశానికి వేసిన అంచనా, అందులో 73 శాతం ఆస్పత్రి బయట మాత్రలతో జరిగినవే. ఏడాది వేరు, పద్ధతి వేరు, అది ఒప్పుకుంటూనే, ఇంత దూరం ఉన్నప్పుడు అడిగితే చెప్పని వాళ్ళు ఎంతమందో ఆలోచించండి అన్నాను. ఆ చెప్పకపోవడం టౌన్‌లో ఒకలా, తండాలో ఒకలా ఉంటే, మనం పోల్చింది అబార్షన్లని కాదు, చెప్పడాన్ని. కోఆర్డినేటర్ అప్పటిదాకా ఏం మాట్లాడలేదు, చివర్లో లేచి మొదటి పేజీ తీసేద్దాం అని ఆయనే అన్నాడు.

ఇప్పుడు నేను ఏ ఫారం చేతికొచ్చినా ముందు దానంతట అదే పోయిన గర్భాల కాలమ్‌ని ఎన్నో గర్భమో దాని పక్కన పెట్టి చూస్తాను, పది నిమిషాల పని. ప్రశ్నని ఫీల్డ్‌లో చదివించి, జనం ఏ అర్థం చేసుకున్నారో వాళ్ళ మాటల్లోనే తిరిగి చెప్పించుకుంటాను. అయిదుగురి కంటే తక్కువున్న గడి ఏదైనా ఖాళీగా వదిలేస్తాను.

తండాల్లో సప్లై కొనసాగింది, టౌన్‌లో కౌన్సెలింగ్ మాట పోయి, ఒక బిడ్డ తర్వాత ఆగాలనుకునే వాళ్ళకి కాపర్-టి, ఇంజెక్షన్ గురించి చెప్పడం మొదలైంది. పెళ్ళికాని అమ్మాయిల్ని మాత్రం ఎవరూ అడగలేదు. 2022 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు 24 వారాల వరకు అబార్షన్ చేయించుకునే వెసులుబాటు విషయంలో పెళ్ళికాని వాళ్ళని వేరుగా చూడకూడదని చెప్పింది, మా సర్వే మాత్రం పెళ్ళైన వాళ్ళ దగ్గరే ఆగింది. ఫైనల్ రిపోర్ట్ టేబుల్‌లో వాళ్ళకొక వరుస పెట్టించాను. డిజైన్ చేసే అబ్బాయి అంకె లేదు కదా అని అక్కడ సున్నా వేశాడు. ప్రూఫ్‌లో అది కొట్టేసి 'అడగలేదు' అని రాశాను, ప్రింట్‌లో అలాగే వచ్చింది.